మైలపోలు ఫొటో మీద నా పేరు

ఆ ఫొటో నేను తీసింది కాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎన్నో సందర్భాలు దొరికాయి. చాలాకాలం నోరు తెరవలేదు. మొదట్లో నన్నెవరూ సూటిగా అడగలేదు కూడా. "భలే తీసినవ్ అన్నా" అన్నారు, నేను తలూపాను. తలూపితే అబద్ధం ఆడినట్టు కాదులే అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. ఆ తలూపడం ఎక్కడిదాకా పోయిందో, ఎవరి పని మీదికి వచ్చిందో ఇప్పుడు రాస్తున్నాను. రాసేది నా గురించే కనుక నన్ను కొంచెం మంచివాడిగా చూపించుకోవాలనే ఆశ మధ్యమధ్యలో తొంగిచూడొచ్చు. చదివేవాళ్ళు దాన్ని పట్టించుకోవద్దు.

హన్మకొండలో నాది పెళ్ళి ఫొటోల స్టూడియో. ఒక పెళ్ళి ఒప్పుకుంటే నేనొక్కడినే పోను. మండపం దగ్గర ఒకరు, వీడియోకు ఒకరు, వచ్చిపోయే చుట్టాల దగ్గర ఇంకొకరు ఉంటారు. సాయంత్రం అందరి కెమెరా కార్డులూ స్టూడియో కంప్యూటర్లో ఖాళీ చేస్తాం. అక్కడి నుంచి ఏ ఫొటో ఎవరు తీశారన్నది ఎవరికీ పట్టదు. ఆల్బం మీద స్టూడియో పేరు ఉంటుంది. స్టూడియో పేరంటే నా పేరే. మా లైనులో అందరూ ఇట్లాగే చేస్తారు. పెళ్ళి ఎవరు ఒప్పుకుంటే ఫొటో వాళ్ళది. ఇందులో తప్పుందని ఎప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అది పూర్తిగా తప్పని అనలేను. నా తప్పు ఆ తర్వాత జరిగింది.

మా వైపు పెళ్ళికి ముందు మైలపోలు తీస్తారు. పెళ్ళికూతురిని పీట మీద కూర్చోబెట్టి ముత్తయిదువలు పసుపు పూసి, పాటలు పాడి, నీళ్ళు పోస్తారు. అది ఆడవాళ్ళ వ్యవహారం. చుట్టూ చీరలు అడ్డం కట్టేస్తారు. మగ ఫొటోగ్రాఫర్ అటువైపు తొంగిచూస్తే చెంబు విసిరే అవ్వలు కూడా ఉంటారు. మేము బయట టెంటు కింద కూర్చుని చాయ తాగుతుంటే, లోపల ఎవరో చిన్నమ్మ తన ఫోనుతో నాలుగు మసక ఫొటోలు తీసి పంపేది. ఆల్బంలో ఆ పేజీ ఎప్పుడూ వెలవెలబోతుండేది.

ఆ పేజీని బాగుచేసింది మా దగ్గర పనిచేసిన ఒకామె. ధర్మసాగర్ ఆమె పుట్టిల్లు. మడికొండకు కోడలిగా వచ్చింది. మొదట కంప్యూటర్లో ఆల్బం పేజీలు కూర్చడానికి మా దగ్గర చేరింది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఒకరోజు తనే అడిగింది.

"అన్నా, ఆ పాత కెమెరా నాకియ్యి. మైలపోలు కాడికి నేను పోత."

"బరువుంటది చెల్లె."

"నీళ్ళ బిందె కంటె బరువుంటదా?"

ఫోకస్ పట్టడం, వెలుతురు చూసుకోవడం నేను నేర్పాను. కెమెరా పట్టుకున్న మనిషి పక్కనే ఉన్న సంగతి ఎదుటివాళ్ళు మరిచిపోయేలా మసలడం మాత్రం నేను నేర్పింది కాదు. అది నాకే సరిగ్గా రాదు.

నెక్కొండ వైపు ఒక పల్లెలో పెళ్ళి ఒప్పుకున్నాం. మైలపోలు దగ్గర చీరల అడ్డం లోపల ఆమె ఉంది, బయట నేనున్నాను. లోపలి నుంచి ఒక్కసారిగా పెద్ద నవ్వులు వినిపించడం నాకు గుర్తుంది. ఎందుకు నవ్వారని నేను అడగలేదు. సాయంత్రం ఆమె కార్డు ఖాళీ చేస్తుంటే ఆ ఫొటో కనిపించింది. పెళ్ళికూతురు, ఆమె నానమ్మ. ఇద్దరి చెంపలకూ పసుపు ఉంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. నానమ్మ నోట్లో పై వరుస పళ్ళు లేవు. పెళ్ళికూతురి అరచెయ్యి నానమ్మ నుదుటికి అడ్డం వచ్చింది. వెనక నుంచి పడిన ఎండకు వాళ్ళిద్దరి చుట్టూ సన్నని పసుపు అంచు కట్టినట్టుంది. ఇన్నేళ్ళ పనిలో అట్లాంటి ఫొటో నేనొక్కటీ తీయలేదు.

ఎడమ పక్కన ఒక చేతిపంపు, ప్లాస్టిక్ బకెట్ వచ్చాయి. అవి అందం చెడగొడుతున్నాయని కత్తిరించాను. కింద మూలన స్టూడియో పేరు వేశాను. పెళ్ళికూతురిని అడిగి మా స్టూడియో పేజీలో పెట్టాను. ఫొటో చాలా దూరం పోయింది. ఊళ్ళోని ఫొటోగ్రాఫర్లమంతా ఉండే ఫోన్ గ్రూపులో ఒకటే పొగడ్తలు. ఆమె అప్పుడు నా ఎదురుగానే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఫోన్ చూసుకుని నవ్వింది.

"మన ఫొటో మస్తు తిరుగుతాంది అన్నా."

ఆమె 'మన' అంది. నేను "అవును చెల్లె" అని, గ్రూపులో అందరికీ దండం బొమ్మ పెట్టాను.

కొన్నాళ్ళకు ఆమె మడికొండలో సొంతంగా చిన్న స్టూడియో పెట్టుకుంది. నాకు ముందే చెప్పింది. ప్రారంభానికి పిలిస్తే వెళ్ళి కొబ్బరికాయ నేనే కొట్టాను. కానీ ఆ తర్వాత మా స్టూడియోకు వచ్చిన పెళ్ళివాళ్ళు "లోపలి ఫొటోలకు ఆ అక్క వస్తదా?" అని అడగడం, రాదని తెలిసి కొందరు నేరుగా ఆమె దగ్గరికే పోవడం మొదలైంది. అది నన్ను లోపల గుచ్చింది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ రోజుల్లోనే, మా ఆల్బంలు ముద్రించే ఆయన నాకు ఒక పద్ధతి చూపించాడు. మాటలు టైపు చేసి వెతికినట్టే, ఫొటోను పెట్టి ఫొటోను వెతకొచ్చు. మన ఫొటో అందులో వేస్తే, ఇంటర్నెట్లో ఎవరెవరు దాన్ని ఎక్కడెక్కడ పెట్టుకున్నారో వరుసగా చూపిస్తుంది. మూల కత్తిరించినా, రంగు మార్చినా, కుడిని ఎడమకు తిప్పేసినా చాలాసార్లు పట్టేస్తుంది. నేను మొదట వేసింది మైలపోలు ఫొటోనే.

నా కళ్ళు తిరిగాయి. వేరే రాష్ట్రంలో పసుపు పొడి అమ్మేవాళ్ళెవరో తమ ప్రకటనలో ఆ నానమ్మను పెట్టుకున్నారు. ఒక బ్యూటీ పార్లర్ వాళ్ళు పెళ్ళికూతురి ముఖం వరకు కత్తిరించుకున్నారు. ఒక పెళ్ళి సంబంధాల సైటులో ఉంది. శుభోదయం బొమ్మలు తయారుచేసే ఇంకోచోట నానమ్మ తల మీద గులాబీ పువ్వు గిరగిరా తిరుగుతోంది. ఎక్కడా మా స్టూడియో పేరు లేదు. కొందరు చెరిపేశారు, కొందరు దాని మీద తమ పేరే వేసుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. నాది ఎత్తుకుపోయారు, నాది ఎత్తుకుపోయారు అని పళ్ళు కొరుక్కున్నాను.

తర్వాత అదొక వ్యసనమైంది. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడల్లా పాత ఫొటోలు ఒక్కొక్కటీ వేసి వెతికేవాణ్ణి. దొరికినచోటల్లా తీసేయమని రాసేవాణ్ణి. పసుపు పొడివాళ్ళు జవాబే ఇవ్వలేదు. పార్లర్ వాళ్ళు నన్ను బ్లాక్ చేసి తమ పేజీ నాకు కనిపించకుండా చేశారు. పెళ్ళి సంబంధాలవాళ్ళకు రాస్తే, మా దగ్గర సంబంధం చూసుకుంటారా అని తిరిగి రాశారు. నవ్వాల్సిన విషయమే. నాకు మాత్రం కోపం ఇంకా పెరిగింది.

అట్లా వెతుకుతుండగా ఒకరోజు ఆమె పేజీ వచ్చింది. అదే ఫొటో. మూలన స్టూడియో పేరు లేదు. ఎడమ పక్కన మాత్రం చేతిపంపు ఉంది, ప్లాస్టిక్ బకెట్ ఉంది.

దీని అర్థం ఈ పనిలో ఉన్నవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఎత్తుకుపోయిన ఫొటోలో అసలు దానికంటే తక్కువే ఉంటుంది, ఎక్కువ ఉండదు. మిగతావాళ్ళందరి దగ్గరా ఉన్నది నేను కత్తిరించిన ఫొటో. ఆ కత్తిరించిన ముక్కతో సహా ఉన్నది ఆమె ఒక్కదాని దగ్గరే. తీసిన మనిషి గనుక ఉంది. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తట్టింది. తట్టలేదని నమ్మడానికి తర్వాత చాలా ప్రయత్నించాను గాని, తట్టింది.

ఫొటో కింద ఆమె ఒక వాక్యం రాసుకుంది. నా చేతితో తీసిన మొదటి మంచి ఫొటో, అని. దానికి వచ్చిన మెచ్చుకోళ్ళు చదివాను. అందులో మా పాత గిరాకీలు కూడా ఉన్నారు.

ఆ పేజీలు నడిపే కంపెనీవాళ్ళకు ఫిర్యాదు పెట్టాను. ఆ ఒక్క ఫొటో మీదనే కాదు, మా దగ్గర పనిచేసినప్పుడు ఆమె తీసి, తన పేజీలో పెట్టుకున్న మిగతావాటి మీద కూడా పెట్టాను. ఈ ఫొటోలు మీరే తీశారా అని అడిగిన ప్రతిసారీ అవునని నొక్కాను. అంతటితో ఆగినా కొంత నయముండేది. ఆమె పేజీ బొమ్మను గ్రూపులో పెట్టి కింద ఇట్లా రాశాను. "మన దగ్గర నేర్చుకోని మన ఫొటోలే ఎత్తుకపోతె ఏమనాలె?"

మనిషి పేరు రాయలేదు. బొమ్మలో ఆమె స్టూడియో పేరు ఎట్లాగూ కనిపిస్తోంది. జవాబులు వరదలా వచ్చాయి. "కాలం గిట్లనే ఉన్నదన్నా" అన్నారొకరు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టుడంటె గిదే" అన్నారొకరు. "దొంగకు గ్రూపుల ఏం పని?" అన్నారింకొకరు. ఆమె కూడా అదే గ్రూపులో ఉంది. ఒక్క ముక్క రాయలేదు. కాసేపటికి ఎవరో ఆమెను గ్రూపు నుంచి తీసేశారు. నేను అన్నీ చదువుతూ కూర్చున్నాను.

ఇన్ని చోట్ల ఫిర్యాదులు పెట్టాను. పెద్దవాళ్ళెవరినీ కదిలించలేకపోయాను. మూతపడింది ఒక్క ఆమె పేజీ మాత్రమే, అది కూడా పూర్తిగా.

మరుసటి వారంలో అనుకుంటాను, పొద్దున్నే షట్టర్ ఎత్తుతుంటే వచ్చింది. స్కూటీ దిగి, హెల్మెట్ తీయకుండానే నిలబడింది.

"అన్నా, నా పేజీ పోయింది."

"చూసిన."

"చూసినవా, జేసినవా?"

నేను తాళం జేబులో పెట్టుకున్నాను. "ఫొటోలు స్టూడియోవి చెల్లె. కెమెరా నాది, కార్డు నాది, పెండ్లి ఒప్పుకున్నది నేను."

"కాదన్ననా? ఒక్క ఫోన్ జేసి, తీసెయ్ చెల్లె అంటె ఆ పూటనే తీసేద్దును. నడుమ దొంగ అనే మాట ఎందుకొచ్చింది?"

"నేను దొంగ అనలే."

"నువ్వు అనలే. అనిపిచ్చినవ్." హెల్మెట్ తీసి స్కూటీ మీద పెట్టింది. "సరే, నువ్వే తీసినవనుకుందాం. మైలపోలు కాడికి ఎట్లొచ్చినవన్నా? చీర కట్టుకోని వచ్చినవా?"

పక్కనే చాయ పోస్తున్నాయన నవ్వాపుకోలేకపోయాడు.

"పెండ్లిళ్ళ సీజన్ ముంగట్నే ఉన్నది," అంది, ఈసారి గొంతు తగ్గించి. "పెండ్లిపిల్లల తల్లులు ఆ పేజీ జూసే నన్ను పిలుస్తరు. ఇప్పుడు వాళ్ళకు ఏం జూపియ్యాలె? పేజీ పోతె పోయింది, జర గ్రూపుల ఒక్క మాట రాయన్నా, తీసింది ఆమెనే అని. ఫొటో నువ్వే ఉంచుకో. నీ పేరే ఉండనియ్యి. నేను దొంగను కాదని చెప్పు సాలు."

అంతకంటే తక్కువ ఎవరైనా ఏమడుగుతారు? నేను "సూద్దాం తీ" అన్నాను. ఆమె హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను ఏమీ రాయలేదు. పైగా గ్రూపువాళ్ళు నన్ను పెద్దమనిషిని చేశారు. దొంగిలించిన ఫొటోలను ఎట్లా వెతకాలో చెప్పమని ఒక సమావేశంలో నిలబెట్టారు. తెర మీద మైలపోలు ఫొటోనే వేసి చూపించాను. ఎవరో ఆ ఫొటో గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "నానమ్మ తన మనుమరాలికి పసుపు పూసి దీవిస్తాంది. ఆ సంతోషాన్ని నేను పట్టుకున్న" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ వీడియో చాలా ఫోన్లు తిరిగింది.

ఆ సీజన్లో ఆమెకు పెళ్ళిళ్ళు రాలేదని విన్నాను. ఒప్పుకున్న ఒకరిద్దరు కూడా వెనక్కి తగ్గారట. మేము వెళ్ళిన పెళ్ళిళ్ళలో లోపలి నుంచి మళ్ళీ ఫోన్లతో తీసిన మసక ఫొటోలే వచ్చాయి. వాటిని ఆల్బంలో చిన్నవిగా చేసి సర్దుతుండేవాణ్ణి. ఆ పని చేసేటప్పుడు ఆమె గుర్తుకు వచ్చేది. చేతులు మాత్రం ఆగలేదు.

వానలు మొదలయ్యాక ఆ నెక్కొండ పెళ్ళికూతురి తల్లి స్టూడియోకు వచ్చింది. వాళ్ళ అత్తగారు, అంటే ఫొటోలోని నానమ్మ, పోయిందట. దినానికి పెద్ద ఫొటో కావాలంది. ఆధార్ కార్డు ఫొటోలో ముసలామె ముఖం కోపంగా ఉందని, మైలపోలు ఫొటోలోంచి తీసి పెద్దది చేయమంది. కంప్యూటర్లో తెరిచి చూపించాను. చాలాసేపు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీ మాటలు ఫోన్ల విన్న తమ్మీ. గదేంది, మా అత్త పిల్లకు పసుపు రాస్తాందని చెప్తివి?"

"అవును గదక్కా, ఫొటోల అట్లనే..."

"మా మామ పోయి ఎన్నేండ్లాయె! ఆమె చెయ్యి పెడ్తదా? దగ్గరికి రాకుండ అవుతల గోడ కాడ నిలబడ్డది. నేను పిలిస్తె రాలే, బిడ్డ పిలిస్తె రాలే. నీ తోటి వచ్చిన ఆ ఫొటోల పిల్ల లేదా, ఆమెనే కెమెరా పక్కకు వెట్టి పొయ్యి చెయ్యి పట్టుకున్నది. అవ్వా, నువ్వు రాకుంటె నేను ఒక్క ఫొటో తియ్య, నీ మనుమరాలి ఆల్బం ఖాళీగ ఇస్త అన్నది. అప్పుడొచ్చింది. రాంగనే మా బిడ్డ పట్టుకోని చెంపలకు రాసింది. నాకెందుకే పసుపు, నన్ను గూడ పెండ్లి జేసి పంపుతవా అన్నది ముసల్ది. ఇగ సూడు, అందరం ఒకటే నవ్వుడు."

నేను బయట విన్న నవ్వులు అవి.

"నీ మాట ఇని మా వియ్యపురాలు అడిగింది," అని ఆమె నెమ్మదిగా అంది. "పెండ్లిపిల్లకు ఆమె ఎట్ల పసుపు రాసింది, మీకు తెల్వదా అని. అది మా అత్త చెవుల వడ్డది. నేను రాయలేదే, నేను ఎట్ల రాస్తనే అని పోయేదాంక అనుకుంటనే ఉన్నది." తర్వాత నా ముఖం చూసి, తనే సర్దుకుంది. "నీకెట్ల తెలుస్తది తియ్యి తమ్మీ. నువ్వు లోపలికి రాకపోతివి."

ఆమె నన్ను తప్పుపట్టడానికి అనలేదు. ఆమెకు అది అందరికీ తెలిసిన మామూలు సంగతి. మగవాడు మైలపోలు కాడికి రాడు. ఆ ఫొటో చూసిన మా ఊరివాళ్ళలో ఆ చిన్న విషయం ఎవరికైనా తట్టాల్సింది. నా పేరు చూసి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన నేను, నా పేరును నేనే నమ్మాను.

నానమ్మను వేరుగా తీసి ఫొటో పెద్దది చేశాను. నుదుటి మీద మనుమరాలి చెయ్యి మిగిలింది. దాన్ని కంప్యూటర్లో తీసేయనా అని అడిగితే వద్దంది. ఫొటో తీసుకుని వెళ్ళేటప్పుడు, "ఆ పిల్లకు చెప్పు తమ్మీ, అవ్వ పోయిందని. దినానికి రమ్మని చెప్పు" అంది. చెప్తానన్నాను.

ముందు ఆ కంపెనీవాళ్ళకు నా ఫిర్యాదులన్నీ తప్పని, ఫొటోలు నేను తీసినవి కావని రాశాను. పేజీ తిరిగి తెరవమని అడిగాను. ఇక తెరవడం కుదరదని జవాబు వచ్చింది. ఆ తర్వాత మడికొండ పోయాను.

ఆమె ఎవరో పెద్దాయనకు పాస్‌పోర్టు ఫొటో తీస్తోంది. ఆయన కాలర్ సరిచేస్తూ నన్ను చూసింది, కూర్చోమనలేదు. నానమ్మ పోయిందని చెప్పాను. చేతిలోని కెమెరా బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు?" అంది. చెప్పాను. దినం ఎప్పుడో కూడా చెప్పాను.

"బయటికి వస్తవా చెల్లె? ఒక మాట మాట్లాడేదున్నది."

"ఈడ్నే మాట్లాడు. ఈయన మా పెదమామనే."

నేను తప్పయిందని చెప్పాను. మాటలు సరిగ్గా రాలేదు. పేజీ తెరవమని రాసినట్టు, కుదరదన్నట్టు కూడా చెప్పాను. ఆమె ఫొటో తీయడం ముగించి, ముద్రించి, కత్తెరతో కత్తిరించి, కవర్లో పెట్టి పెద్దాయనకు ఇచ్చింది. అప్పుడు మాట్లాడింది.

"పేజీ ఫికర్ నాకు లేదన్నా, ఇంకోటి పెట్టుకున్న. పెండ్లిళ్ళు బంద్ వెట్టిన. పోయిన కాడల్లా, ఆమెనే గదా అని చెవులు కొరుక్కుంటాంటె చేతులు వణుకుతానయ్, ఫొటోలు కదులుతానయ్. నువ్వు నల్గుర్ల అనిపిచ్చి నా చెవుల వచ్చి చెప్తె ఏమొస్తది? నల్గుర్లనే చెప్పు."

పెద్దాయన కవరు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. నేను సరేనన్నాను. మా ఫొటోగ్రాఫర్ల తర్వాతి సమావేశం ఎప్పుడో చెప్పి, రమ్మని అడిగాను. వస్తానని గాని రానని గాని అనలేదు.

మళ్ళీ ఫొటోగ్రాఫర్లమంతా కలిసిన రోజు ఆమె వచ్చింది. వెనక, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఆమెను చూసి కొందరు గుసగుసలాడారు. ఆ గుసగుసలు నేను పెట్టించినవే. నేను లేచి ముందుకు పోతుంటే ఒక తమ్ముడు నవ్వుతూ అరిచాడు.

"అన్నా, మళ్ళ దొంగలను పట్టే క్లాసా?"

"అవును తమ్మీ. దొరికిండు," అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మైకు సరిగ్గా పనిచేయలేదు. దాన్ని పక్కన పెట్టి, అందరికీ వినపడేలా గట్టిగా చెప్పాను.

"మైలపోలు ఫొటో నేను తియ్యలే. తీసింది ఎనుక కూసున్న మా చెల్లె. ఆమె పేజీల ఉన్నదే అసలుది, నాది కత్తిరించింది. అది తెలిసే ఫిర్యాదు పెట్టిన. పొరపాటున పెట్టలే. మీరందరు ఆమెను దొంగ అంటాంటె సదువుకుంట కూసున్న, ఒక్క మాట అడ్డం చెప్పలే. ఆమె పని నేనే చెడగొట్టిన. ఆ అవ్వ గురించి ఈడ నేను చెప్పింది గూడ అబద్ధమే, నేను ఆడ లేను, సూడలే. చెల్లె, నువ్వు అడిగిన మాట ఆనాడే చెప్తె అయిపోతుండె. చెప్పకపోతిని. తప్పయింది, నన్ను మాఫ్ జెయ్యి."